బెణుకని చెప్పిన మనిషి

ఏప్రిల్ రెండో మంగళవారం, పొద్దున పదకొండు గంటలప్పుడు, కోదండరామ్ ఇంటి గరాజు తలుపును ఎవరో కాలితో తట్టారు. వచ్చినవాడికి చెయ్యి ఖాళీ లేదు మరి. కుడిచేత్తో ఎడమచేతిని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకొని నిలబడి ఉన్నాడు.

జెర్విన్ తుములాక్. ఆరడుగుల రెండంగుళాల ఫిలిప్పీన్స్ మనిషి. మిస్సిసాగాలో ఎయిర్‌పోర్టు పక్కన మందుల పెట్టెలు సర్దే వేర్‌హౌస్ ఒకటుంది. అందులో మూడు చలికాలాలుగా కోదండరామ్‌కు తోడు పనివాడు. అది చలికాలపు బతుకు. మంచు కరిగిందంటే వాడు బాస్కెట్‌బాల్ ఆటగాడు. ఇక్కడ వేసవి నెలల్లో నడిచే ఒక చిన్న లీగులో జీతానికి ఆడతాడు. అంతకు ముందు మనీలాలో ఎనిమిదేళ్లు పెద్ద ఆటే ఆడాడు. వేర్‌హౌస్‌లో సగం మంది ఫిలిప్పీన్స్ వాళ్లే. వాడు పనిలో చేరిన కొత్తలో, వాడి పక్కన ఫొటో దిగాలని లంచ్ టైముకు తల దువ్వుకొని మరీ వచ్చేవాళ్లు.

"నొంగ్, ఇంట్లో ఎవరున్నారు?" అన్నాడు. నొంగ్ అంటే వాళ్ల సెబూ ద్వీపంలో పెద్దన్నను పిలిచే పిలుపు. ఇద్దరి మధ్యా నడిచేది ఇంగ్లీషే. ఇద్దరిదీ అరకొరే కాబట్టి ఒకరి మాట ఒకరికి సుబ్బరంగా అర్థమయ్యేది.

"మీ వదిన ఉండాది. బిడ్డ క్లినిక్‌లో డ్యూటీకి పోయింది. ఏమైంది రా?"

"ప్రాక్టీసులో పడ్డాను. చెయ్యి కిందికి పెట్టి పడ్డాను. కోచ్‌కు చెప్పలేదు. బాత్రూముకని చెప్పి వచ్చేశాను."

కోదండరామ్ వాడి చెయ్యి ముట్టుకోలేదు. ముందు గరాజు తలుపు దించాడు.

ముట్టుకోకపోవడానికి కారణం ఉంది. కోదండరామ్ వాళ్లది పుత్తూరు పక్కన ఒక పల్లె. వాళ్ల నాయన ఎముకలు కట్టేవాడు. మామిడి చెట్టెక్కి పడ్డ పిల్లకాయలు, ఎద్దు తోసిన ముసలివాళ్లు, బస్సు మీంచి జారినవాళ్లు, అందరూ ఆ వసారా ముందుకే వచ్చేవాళ్లు. కోదండరామ్ తిరుపతిలో డిగ్రీ చదువుతూనే సెలవలకు వచ్చి నాయన పక్కన కూర్చుని గుడ్డ పట్టీలు చించేవాడు. తర్వాత్తర్వాత తనే కట్టేవాడు. కూతురు మృదులకు ఐదేళ్లప్పుడు కెనడా వచ్చిపడ్డాక ఆ చేతులు అట్టపెట్టెలకు టేపు వేసే పనికి కుదురుకున్నాయి. అయినా పక్కింటి పంజాబీ ఆవిడ మణికట్టు, భార్య శాంత చెల్లెలి కొడుకు మోచెయ్యి, ఇట్లా అప్పుడొకటి ఇప్పుడొకటి గరాజులో జరుగుతూనే ఉండేవి.

మొన్న నవంబరులో మృదులకు ఫిజియోథెరపిస్టుగా రిజిస్ట్రేషన్ వచ్చింది. ఆ రోజే కూతురు తండ్రిని కూర్చోబెట్టి చెప్పింది. "నాన్నా, లైసెన్స్ లేకుండా ఎముక సెట్ చేయడం ఇక్కడ నేరం. అదీ నేను ఉండే ఇంట్లో. ఎవరైనా కంప్లైంట్ ఇస్తే నా రిజిస్ట్రేషన్ పోతుంది. ప్రామిస్ చెయ్యి." కోదండరామ్ బిడ్డ తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. వేసేటప్పుడు నిజంగానే వేశాడు.

"హాస్పిటల్‌కు పో జెర్విన్. నేను చూడకూడదు," అన్నాడు ఇప్పుడు.

"హాస్పిటల్‌కు పోతే రికార్డు అవుతుంది నొంగ్. మనీలా క్లబ్బువాళ్లు ఒక సీజన్‌కు పిలుస్తున్నారు. జూన్‌లో మనిషిని పంపి నా ఆట చూస్తారు. నాకు ముప్పై నాలుగు. చెయ్యి విరిగిందని వాళ్లకు తెలిస్తే ఇంకో కుర్రాణ్ణి చూసుకుంటారు. మా ఊళ్లోనూ ఎముకలు సరిచేసే ముసలామె ఉండేది. డాక్టర్ల కంటే ఆమె మీదే మాకు నమ్మకం. ఇక్కడ నాకు మీరున్నారు."

ఈ ఆఖరి మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో. ఇరవై ఏళ్లుగా టేపు గన్ను పట్టుకొని అరిగిన చేతులవి. టీవీలో వచ్చిన మనిషి, వేర్‌హౌస్ అంతా ఫొటోలు దిగిన మనిషి వచ్చి ఆ చేతుల ముందు నిలబడ్డాడు. కోదండరామ్ బోర్లించిన పాల డబ్బా మీద వాణ్ణి కూర్చోబెట్టాడు.

లోపలినుంచి శాంత తలుపు సందులోంచి తొంగి చూసింది. "ఇదో, మిమ్మల్నే. బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి ఏం చెప్పినారు?"

"రెండు గుడ్లు తీసుకురా. తెల్లసొన వేరు చెయ్యి."

"నేనేమీ తీసుకురాను," అని లోపలికి వెళ్లింది. ఐదు నిమిషాలకు గిన్నెలో తెల్లసొనతో వచ్చి, చప్పుడు చేస్తూ కిందపెట్టి పోయింది.

చెయ్యి పట్టుకున్నప్పుడు చేతివైపు చూడకూడదు, మనిషి కనుబొమల వైపు చూడాలి అనేవాడు నాయన. కోదండరామ్ బొటనవేలితో ఉంగరపు వేలి వెనక, అరచేతిలోని ఎముకను మెల్లగా తడుముతూ పోయాడు. నడిమికి రాగానే జెర్విన్ కనుబొమలు రెండూ కలుసుకున్నాయి.

"బెణుకు కాదిది. విరిగింది. రెండు తుంటలైంది. ఒకటి ఎగిరి ఒకటి మీద కూర్చోనుంది."

"కడతారా?"

"మూడు కట్లు వెయ్యాల. కట్టుకు తొమ్మిది రోజులు. ఇరవై ఏడు రోజులు చేతికి బంతి తగలరాదు. సరేనా?"

"సరే నొంగ్."

"అయితే చెప్పు. మనీలాలో నీ మొదటి ఆట ఎట్ల జరిగింది?"

ఇది కూడా నాయన పద్ధతే. రైతు వస్తే ఇంట్లో ఆవుల పేర్లు వరసగా చెప్పమనేవాడు. నాలుగో ఆవు దగ్గర లాగేవాడు. జెర్విన్‌కు ఆవులు లేవు, ఆట ఉంది. వాడు చెప్పసాగాడు. ఊళ్లో చేపలెండబెట్టే రోడ్డు పక్క కొబ్బరి మానుకు ఇనుప చువ్వ వంచి కొట్టిన రింగు. రబ్బరు చెప్పులతో ఆట. పదిహేనేళ్లకు సెబూ పట్నంలో కాలేజీ సీటు, ఆట కోసమే ఇచ్చిన సీటు. తర్వాత మనీలా వేలం లాంటి ఎంపిక, అందులో మూడో రౌండులో, హాలు సగం ఖాళీ అయ్యాక తన పేరు చదివారు. అక్కడ జట్లకు ఊరి పేర్లుండవట, కంపెనీల పేర్లే. వీడి మొదటి జట్టు సార్డీన్ డబ్బాల కంపెనీది. పదకొండు ఆటలు బెంచీ మీద తువ్వాళ్లు అందించాడు. పన్నెండో ఆటలో ఒకడికి కాలు మెలిపడితే, కోచ్ చుట్టూ చూసి, వేరే గతి లేక, నువ్వు పో అన్నాడు.

"నాలుగు సెకన్లుంది నొంగ్. బంతి నా చేతికి వచ్చింది. వాడెవడో ఏడడుగుల అమెరికావాడు నామీదికి..."

అక్కడ లాగాడు కోదండరామ్. టక్కుమంది. జెర్విన్ నోట్లో మాట అట్లాగే నిలిచిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పడిందా బంతి?" అన్నాడు కోదండరామ్ ఎముకను వేళ్లతో నేరుగా పట్టుకొని.

"పడింది," అన్నాడు జెర్విన్ రొప్పుతూ.

పుత్తూరులో అయితే వెదురు దబ్బలు. ఇక్కడ పెయింటు కలపడానికి హార్డ్‌వేర్ షాపులో ఊరికే ఇచ్చే చెక్కపుల్లలు. అవి కొలతకు కోసి అంచులు గీకి పెట్టుకున్నవి అరలో ఎప్పుడూ నాలుగు ఉండేవి. ఆకు పొడి శాంత అన్న పంపేవాడు, సున్నిపిండి అని పైన రాసి. సొనలో పొడి కలిపి పూసి, గుడ్డ చుట్టి, పుల్లలు పేర్చి కట్టు బిగించేసరికి గంట పట్టింది. జట్టువాళ్లకు ఏం చెప్పాలో జెర్విన్ అప్పటికే ఆలోచించుకున్నాడు. పిల్లలకు చికెన్‌పాక్స్, తనకూ అంటేటట్టుంది అని ఫోన్ చేశాడు. కోర్టు చుట్టుపక్కలకు కూడా రావద్దు అన్నాడట కోచ్.

తొమ్మిదో రోజు రెండో కట్టుకు వచ్చాడు. వాపు దిగింది. ఎముక నిలిచింది. ఆ రోజు జెర్విన్ మిగతా కథ చెప్పాడు, ఈసారి అడక్కుండానే. ఆ నాలుగు సెకన్ల బంతితో రెండేళ్లు రాజ్యం ఏలాడు. సార్డీన్ కంపెనీ క్యాలెండర్ మీద ఫొటో వేసింది. తర్వాత ఒక పొద్దున క్షవరం చేయించుకుంటుంటే, షాపులోని టీవీలో చెప్పారు: జెర్విన్ తుములాక్‌ను పెయింటు కంపెనీకి ఇచ్చేసి ఇంకో ఆటగాణ్ణి తీసుకున్నారని.

"సగం తల కత్తిరించి ఉంది నొంగ్. మంగలి కత్తెర ఆపి నావైపు చూశాడు. నాకు ముందు చెప్పాలని ఎవరికీ తోచలేదు. అంతకు ముందు రోజే మేనేజర్ మా ఇంట్లో అన్నం తిన్నాడు."

పెయింటు నుంచి నూడుల్స్‌కు, నూడుల్స్ నుంచి ఎవరికీ పట్టని జిల్లా లీగుకు. ఆ మధ్యలో వాడి భార్య మారిసెల్ ముసలివాళ్లను చూసుకునే పనికి కెనడా వచ్చి, ఇక్కడే ఉండిపోయే పీఆర్ కాగితాలు తెచ్చుకొని, మొగుణ్ణీ పిల్లల్నీ పిలిపించుకుంది.

కోదండరామ్ వింటూ కట్టు బిగించాడు. ఎందుకో వాడి మీద సొంత తమ్ముడి మీద కలిగేటంత జాలి కలిగింది. వెళ్తూ వెళ్తూ జెర్విన్ ఫ్రిజ్ మీద అతికించిన మృదుల విజిటింగ్ కార్డు చూశాడు. "మారిసెల్‌కు నడుం నొప్పి. ఒకటి తీసుకోనా?" అన్నాడు. తండ్రి గర్వంగా రెండు ఇచ్చాడు.

పద్దెనిమిదో రోజు వాడు రాలేదు. కోదండరామ్ సొన కలిపి పెట్టుకొని మధ్యాహ్నం దాకా గరాజులో కూర్చున్నాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. ఆదివారం వేర్‌హౌస్‌లో పనిచేసే లీటో అనే అతను చెప్పాడు, ఈ రోజు జెర్విన్ వాళ్ల మొదటి ఆట, మనీలా నుంచి మనిషి కూడా వచ్చాడు, మేమంతా పోతున్నాం అని.

కోదండరామ్ కూడా పోయాడు. హాలు నిండా ఫిలిప్పీన్స్ జెండాలు, డప్పులు. జెర్విన్ ఎడమచేతికి కట్టు లేదు, రెండు వేళ్లు కలిపి చర్మం రంగు టేపు చుట్టుకున్నాడు. ఆడాడు చూడండి, ముప్పై నాలుగేళ్లవాడు ఇరవై ఏళ్లవాళ్ల మధ్య ఏట్లో చేప తిరిగినట్టు తిరిగాడు. వాడు బంతి వేసినప్పుడల్లా పక్కనున్నవాళ్లు కోదండరామ్ భుజాలు పట్టుకొని ఊపేశారు. కోదండరామ్‌కు లేచి, ఆ చెయ్యి నేను కట్టిందే అని అరవాలనిపించింది. అయినా వాడు బంతి అందుకున్న ప్రతిసారీ ఇక్కడ ఈయన పళ్లు బిగిసేవి.

ఆట అయ్యాక పార్కింగులో పట్టుకున్నాడు. "మూడో కట్టు పడలేదు. ఎముక పచ్చిగా ఉండాది రా. ఇంకో దెబ్బ తగిలితే పక్కనే పటుక్కుమంటుంది."

"జూన్ అన్నవాడు ఏప్రిల్‌లోనే దిగాడు నొంగ్, నేనేం చేయను? చూశారుగా, ఆయనకు నచ్చింది." జెర్విన్ నవ్వి కోదండరామ్ వీపు తట్టాడు. "విరిగితే మీరున్నారుగా."

మే నెలలో మనీలా క్లబ్బు కాగితాలు పంపింది. గడిచిన ఏడాదిలో ఎముక విరిగేంత దెబ్బేదీ తగల్లేదు అని ఒక చోట సంతకం చేయాలి. జెర్విన్ చేశాడు. ఈ సంగతి కోదండరామ్‌కు తర్వాతెప్పుడో తెలిసింది. జూన్ ఆఖరులో ఒక ఆటలో వాడి చెయ్యి మళ్లీ విరిగింది, ఈసారి అందరి ముందూ. జట్టు డాక్టర్ ఎక్స్‌రే తీస్తే కొత్త విరుపు పక్కన పాత విరుపు కనబడింది. వార్త మనీలాకు పోయింది. ఈ పాతది ఏమిటి, మాకెందుకు చెప్పలేదు అని వాళ్లు అడిగారు.

జెర్విన్ ఏం జవాబిచ్చాడో జులై మొదటి శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర తెలిసింది.

మృదుల అన్నం కలిపి ముద్ద ఎత్తలేదు. "నన్ను క్లినిక్‌లో పనిలోంచి ఆపేశారు," అంది.

శాంత గరిటె పట్టుకొని అట్లాగే నిలబడింది. "ఎందుకే?"

"ఎవరో జెర్విన్ తుములాక్ అట, బాస్కెట్‌బాల్ ప్లేయర్. ఏప్రిల్‌లో చెయ్యి విరిగితే నా దగ్గరికి వచ్చాడట. నేను ఎక్స్‌రే కూడా లేకుండా బెణుకే అని చెప్పి కట్టు కట్టానట. నా కార్డు కూడా చూపించాడు. క్లబ్ డాక్టర్ రికార్డులు పంపమని క్లినిక్‌కు రాశాడు. రికార్డులు ఎక్కడున్నాయి? క్లినిక్‌కు తెలీకుండా బయట ట్రీట్‌మెంట్ ఇస్తున్నానని వాళ్లు మా లైసెన్సులిచ్చే రెగ్యులేటర్‌కు రిపోర్ట్ చేశారు. I have never even seen this man!"

కోదండరామ్ చారులో అన్నం కలుపుతూ ఉన్నాడు. కలిపిందే కలుపుతూ ఉన్నాడు. శాంత మొగుడి వైపు చూసిన చూపుకు ఆయన తల ఎత్తలేదు. ఆ క్షణంలో ఆయనకు తోచింది ఒకటే. వాడు తన పేరు చెప్పి ఉంటే ఏ జైలుకైనా పోయేవాణ్ణే. తన పేరు వదిలి బిడ్డ పేరు చెప్పాడు. ఆ కార్డు తన చేత్తోనే ఇచ్చింది.

మృదుల ల్యాప్‌టాప్ తెచ్చి కంచాల పక్కనే తెరిచింది. "ఉత్తరంతో పాటు ఈ ఎక్స్‌రే పంపారు. చూడు నాన్నా, నీకు అర్థమవుతుంది. ఇది కొత్తది, ఏటవాలుగా విరిగింది. ఇది పాతది." వేలితో ఒక సన్నటి గీత చూపింది. "వీళ్లు తప్పుడు ట్రీట్‌మెంట్ అంటున్నారు గానీ, ఇది ఎవరు సెట్ చేశారో, బ్రహ్మాండంగా చేశారు. సర్జన్ ప్లేట్ వేసినా ఇంత నేరుగా రాదు. బెణుకు అనుకున్నవాడు ఇట్లా సెట్ చేయలేడు. విరిగిందని తెలిసే చేశాడు."

ఆ మాటకు కోదండరామ్ ముఖం వెలిగింది. భయం, సిగ్గు, కోపం అన్నీ ఉన్నాయి, వాటి అడుగు నుంచి ఇది పైకి తేలింది. ముప్పై ఏళ్లకు ఒక చదువుకున్న మనిషి, అదీ తన బిడ్డ, నాయన విద్యను మెచ్చుకుంది. ఆపుకోలేకపోయాడు.

"నేనేనమ్మా," అన్నాడు.

మృదులకు మొదట అర్థం కాలేదు. తర్వాత ల్యాప్‌టాప్ మూసింది. లేచి చెయ్యి కడుక్కుంది. చాలాసేపు కొళాయి ఆగలేదు. తిరిగి వచ్చి, కుర్చీ వెనక నిలబడి అంది: "నా తలమీద చెయ్యి పెట్టావు."

"అమ్మా, వాడు..."

"ఎక్కడ?"

"గరాజులో."

"నేను పడుకునే గది కింద. నా కార్డు ఎవరిచ్చారు?"

ఆయన చూపు ఫ్రిజ్ మీదికి పోయింది. మృదుల తల్లి వైపు తిరిగింది. "నీకూ తెలుసు కదమ్మా?" శాంత గరిటె గిన్నెలో పెట్టింది, అంతే. "Okay," అంది మృదుల. ఆ తర్వాత రెండు రోజులు ఆ ఇంట్లో తెలుగు మాట ఆమె నోట రాలేదు.

సోమవారం కోదండరామ్ జెర్విన్ అపార్ట్‌మెంటుకు పోయాడు. తలుపు తీసింది మారిసెల్. ఆమె ఈయన్ను చూసి ముఖం పక్కకు తిప్పుకుంది. జెర్విన్ చేతికి తెల్లటి ఆస్పత్రి కట్టుతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నా బిడ్డ నీకేం చేసింది రా?"

"ఆమెకు ఉత్తరం పోతుందని నాకు తెలీదు నొంగ్. ఒక పేరు కావాలన్నారు. లైసెన్సున్న పేరు కావాలన్నారు. విరిగిందని నాకు తెలుసు అంటే కాంట్రాక్టు రద్దు. బెణుకని చెప్పారు, నమ్మాను అంటే నా తప్పు లేదు. అందుకని..."

"ఇప్పుడు నిజం రాసి ఇయ్యి."

"నిజం రాస్తే నా పని అయిపోతుంది. నాకు ఒక్క సీజన్ మిగిలింది. ఒక్కటంటే ఒక్కటి. దానితో మా ఊళ్లో పిల్లలకు కోచ్‌గా నిలబడతాను. లేకపోతే చచ్చేదాకా మీ పక్కన పెట్టెలకు టేపు వేస్తాను."

"నా పక్కన టేపు వేసేది అంత అవమానమా నీకు?"

జెర్విన్ లోపలికి పోయి రెండు కాగితాలు తెచ్చాడు. ముందే టైపు చేయించి పెట్టుకున్నాడు. అప్పుడు కోదండరామ్‌కు అర్థమైంది, ఈ మనిషి ఈయన రాక కోసమే ఎదురుచూస్తున్నాడని.

మొదటి కాగితం జెర్విన్‌ది: మృదులను నేనెప్పుడూ కలవలేదు, ఆమెకు ఏ సంబంధమూ లేదు, కార్డు చూసి పొరబడ్డాను. రెండోది కోదండరామ్‌ది: నేను లైసెన్సు లేని మనిషిని. నా కూతురికి తెలియకుండా జెర్విన్ చెయ్యి పట్టి చూసి, ఎముక విరిగిందని తెలుసుకోలేక, బెణుకే అని చెప్పాను.

"మీరు అది సంతకం చేస్తే నేను ఇది సంతకం చేస్తాను. మీ అమ్మాయి బయటపడుతుంది. మీకు హెచ్చరిక ఉత్తరం వస్తుంది, అంతే. మీకు పోయేదేముంది నొంగ్?"

పోయేదేముందో వాడికి తెలుసు. పాల డబ్బా మీద కూర్చుని ఆ చేతుల గురించి, ఆ నాయన గురించి అంతా విన్నవాడే. విరిగినదాన్ని బెణుకనుకున్నాడనేది ఎముకలు కట్టే ఇంట్లో పుట్టినవాడికి ఎంత మాటో వాడికి తెలిసే అడిగాడు.

కోదండరామ్ కాగితాలు ఇంటికి తెచ్చి కూతురు ముందు పెట్టాడు. ఎక్కడో ఒక ఆశ ఉంది. వద్దు నాన్నా, ఎక్స్‌రే ఉందిగా, మనం నిజమే చెబుదాం అంటుందేమోనని.

మృదుల రెండుసార్లు చదివింది. "సంతకం పెట్టు నాన్నా," అంది. తెలుగులోనే అంది.

"నువ్వే అన్నావు గదమ్మా. ఎవరు చేసినారో గానీ..."

"నువ్వు కరెక్టుగా సెట్ చేశావని వాదిస్తే, అది కరెక్టని నీకెవరు చెప్పారు అంటారు. ఎక్స్‌రే ఎవరు చదివి చెప్పారు అంటారు. ఇంట్లో ఫిజియోథెరపిస్ట్ నేనే. అప్పుడు నేనూ ఉన్నట్టే అవుతుంది. ఆరేళ్లు చదివాను నాన్నా దీనికోసం."

ఆమె మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆయన కాగితాలు తీసి కవర్లో పెట్టుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం హైవే పక్కన ఒక కాఫీ షాపులో ముగ్గురూ కూర్చున్నారు. మృదుల, జెర్విన్ ఒకరినొకరు చూడటం అదే మొదటిసారి. జెర్విన్ ఆమెకు సారీ చెప్పాడు. ఆమె తల ఊపి కాగితాలు సర్దింది.

కోదండరామ్ పెన్ను తీసుకోలేదు. "ఒక్కటి కావాల నాకు. ఆ పొద్దు నేనేం చెప్పినానో నీ నోటితో చెప్పు. నా బిడ్డ వినాల. తర్వాత పెడతా."

"నొంగ్, ప్లీజ్."

"చెప్పు."

జెర్విన్ చుట్టూ చూశాడు. గొంతు బాగా తగ్గించాడు. "విరిగిందన్నారు. రెండు తుంటలన్నారు. ముందు హాస్పిటల్‌కు పొమ్మన్నారు."

"ఇంకా?"

"ఇరవై ఏడు రోజులు బంతి ముట్టొద్దన్నారు. నేనే ముట్టాను."

కోదండరామ్ కూతురి వైపు చూశాడు. ఆమె కాఫీ కప్పు మూత అంచును గోటితో లేపుతూ ఉంది. వినిందో లేదో ముఖంలో తెలియలేదు. "పెన్ను ఇదిగో నాన్నా," అంది.

పెట్టాడు. ప్రతి పేజీకీ పెట్టాలట, పెట్టాడు. జెర్విన్ తన కాగితం మీద కుడిచేత్తో గబగబా గీకి, లేచి, ఈయన చెయ్యి పట్టుకోబోయాడు. కోదండరామ్ రెండు చేతులూ బల్ల కిందికి తీసుకున్నాడు.

కారు మృదుల నడిపింది. 401 హైవే మీద లారీల మధ్య పది నిమిషాలు పోయాక అంది: "నేను ఎక్స్‌రే చూసి ఏదో అన్నానని ఎవరితోనూ అనొద్దు నాన్నా. అమ్మతో కూడా మళ్లీ ఆ మాట ఎత్తొద్దు."

"ఎవరికి చెప్తానమ్మా."

ఇంకో రెండు ఎగ్జిట్లు దాటాయి. "నాకు చెప్పు, చాలు," అన్నాడు. "నేనని తెలియక అంత మాట అన్నావా, నిజంగానే బాగుందా అది?"

"నాన్నా, ట్రాఫిక్ చూడు. I'm driving," అంది మృదుల.

ఆగస్టులో రెగ్యులేటర్ నుంచి ఆమెకు ఉత్తరం వచ్చింది, విచారణ మూసేశామని. క్లినిక్ మళ్లీ పనిలోకి పిలిచింది. సెప్టెంబరులో ఆమె క్లినిక్ దగ్గరే గది తీసుకుంది, రోజూ తిరగడం కష్టంగా ఉందని చెప్పి. కోదండరామ్‌కు హెచ్చరిక ఉత్తరం వచ్చింది. అరలోని చెక్కపుల్లల్ని శాంత చెత్త డబ్బాలో వేస్తుంటే ఆయన చూస్తూ ఊరుకున్నాడు.

అక్టోబరులో మనీలా సీజన్ మొదలైంది. లంచ్ రూములో లీటో ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి పెట్టాడు. చుట్టూ పది మంది. జెర్విన్ కొత్త జెర్సీలో ఉన్నాడు. ఏ కంపెనీదో, గుండెల మీద పెద్ద సబ్బు బొమ్మ. ఆట అయ్యాక మైకు పట్టుకొన్న అమ్మాయి అడిగింది, చేతికి దెబ్బ తగిలి కూడా ఎట్లా తిరిగొచ్చావని. వాళ్ల భాషలో వాడు ఏదో చెప్పాడు. లంచ్ రూము నవ్వింది. ఆ తర్వాత ఒక్కొక్కరి నవ్వూ తగ్గుతూ వచ్చింది.

"ఏమన్నాడు?" అడిగాడు కోదండరామ్.

లీటో ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. నేల చూస్తూ అన్నాడు: "కెనడాలో ఒక ముసలాయన, తనకేమీ తెలీకుండానే వైద్యం చేసేవాడు, చెయ్యి పాడుచేశాడట. విరిగినదాన్ని బెణుకన్నాడట. దేవుడి దయ వల్ల బతికిపోయానన్నాడు. అంకుల్ రామ్, మీ గురించి కాదు కదా? జెర్విన్ మీ ఇంటికి వచ్చేవాడని విన్నాం, అందుకని అడుగుతున్నా."

పది మందీ ఈయన వైపు చూస్తున్నారు. కాదు అనొచ్చు. విరిగిందనే చెప్పాను, ఎక్స్‌రే ఉంది, నా కూతుర్ని అడగండి అనొచ్చు. ఆ కూతురు ఆ పూట ఆరు మైళ్ల అవతల, తన పేరున్న బల్ల వెనక, ఎవరి భుజమో పట్టి చూస్తూ ఉంటుంది.

కోదండరామ్ టిఫిన్ డబ్బా మూత పెట్టాడు. మూత ఒకసారికి పట్టలేదు, రెండోసారి నొక్కాడు.

"నేనే," అన్నాడు. "బెణుకే అనుకున్నా."

బెల్లు మోగింది. అందరూ లేచి ఎవరి పెట్టెల దగ్గరికి వాళ్లు పోయారు.